పావగడ తాలూకాలో శిక్షణ పొదుపు, పన్ను రాయితీలు

పని నేర్చుకోవడానికో, మధ్య వయసులో కొత్త విద్య సంపాదించుకోవడానికో ఒక మనిషి ముందుగా దాచుకునే సొమ్ముకు ప్రభుత్వం పన్ను మినహాయింపు ఇస్తే, లేదా తన వంతుగా కొంత జత చేస్తే, ఆ ఏర్పాటును శిక్షణ పొదుపు ఖాతా అంటారు. కెనడా, ఫ్రాన్స్, సింగపూర్, అమెరికాల్లో ఇలాంటి ఖాతాలు వేర్వేరు రూపాల్లో ఉన్నాయి. భారతదేశంలో ఈ పేరుతో ప్రత్యేక ఖాతా లేదు. ఆదాయపు పన్ను చట్టంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న మినహాయింపులు, పింఛను నిధి నుంచి మధ్యలో సొమ్ము తీసుకునే వెసులుబాటు, స్వయం సహాయక సంఘాల పొదుపు, ప్రభుత్వ ఉచిత శిక్షణ కలిసి ఆ లోటును కొంతవరకు పూడుస్తున్నాయి. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాలో ఈ నాలుగూ ఎంతవరకు పనికొస్తున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

తాలూకా నేపథ్యం

పావగడ కర్ణాటకలో ఉన్నా ఇంటి భాష ఎక్కువమందికి తెలుగే. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉంటుంది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలతో పెళ్లి సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు, చదువులు అన్నీ కలిసే ఉంటాయి. బ్రిటిష్ కాలంలో చుట్టూ ఉన్న సీమ మద్రాసు రాష్ట్రంలో ఉండగా ఈ తాలూకా మైసూరు సంస్థానంలో ఉండేది. ఆ పాత గీతే ఇప్పటి రాష్ట్ర సరిహద్దు. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు, బ్యాంకు కాగితాల్లో ఇంగ్లీషు: ఇక్కడి పిల్లలు ఈ మూడింటి మధ్య పెరుగుతారు.

పావగడ కసబా, నిడగల్లు, నాగలమడికె, వై.ఎన్.హొసకోటె ఇక్కడి హోబళిలు, అంటే తాలూకాలోని ఉప విభాగాలు. ఉత్తర పినాకిని నది నాగలమడికె మీదుగా పోతుంది. అయినా తాలూకా మొత్తం కరువు సీమే. వాన మీద ఆధారపడిన వేరుశనగ, అంటే ఇక్కడివారి మాటలో శెనక్కాయ, చాలాకాలం ప్రధాన పంట. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. వాన తప్పిన ఏడాది బెంగళూరుకు వలస పోవడం తరతరాలుగా ఉంది. రైతు, కూలీ, చిన్న అంగడివాడు, ఉపాధ్యాయుడు, వలస పోయిన డ్రైవరు ఒకే ఊరివాళ్లైనా శిక్షణకు డబ్బు సమకూర్చుకునే దారి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో రకం.

భావన, రకాలు

పన్ను రాయితీ పొదుపుకు మూడు ఘట్టాలు ఉంటాయి: సొమ్ము వేసేటప్పుడు, అది పెరిగేటప్పుడు, వాడుకునేటప్పుడు. ఈ మూడింటిలో ఏ ఘట్టంలో పన్ను వదిలేస్తారన్న దాన్ని బట్టి ఖాతా స్వభావం మారుతుంది. మూడు చోట్లా వదిలేస్తే అది పూర్తి మినహాయింపు ఖాతా. మన ప్రజా భవిష్య నిధి (పీపీఎఫ్), సుకన్య సమృద్ధి ఈ కోవకు చెందుతాయి.

ప్రభుత్వం సాయపడే తీరులోనూ రెండు పద్ధతులున్నాయి. మొదటిది పన్ను తగ్గింపు. కట్టాల్సిన పన్ను ఉన్నవారికే ఇది లాభం. రెండోది నేరుగా జమ. పన్ను కట్టినా కట్టకపోయినా ప్రభుత్వం కొంత మొత్తాన్ని ఖాతాలో వేస్తుంది, లేదా పొదుపు చేసినదానికి జత కలుపుతుంది. ఎక్కువ కుటుంబాలు పన్ను పరిధిలోకి రాని పావగడ వంటి తాలూకాలో ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చాలా పెద్దది.

భారత చట్టంలో ఉన్న ఏర్పాట్లు

*పిల్లల చదువుకు.* పాత పన్ను విధానంలో 80సీ సెక్షన్ కింద ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు పొదుపు, ఖర్చులను ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. 2014 బడ్జెట్‌లో ఈ పరిమితి లక్ష నుంచి 1.5 లక్షలకు పెరిగింది. ఇద్దరు పిల్లల వరకు పూర్తికాలపు చదువుకు కట్టే ట్యూషన్ ఫీజు కూడా ఇందులోకి వస్తుంది. అయితే తల్లిగానీ తండ్రిగానీ తన కోసం కట్టుకునే ఫీజుకు ఇక్కడ చోటు లేదు. 40 ఏళ్ల వయసులో కంప్యూటర్ కోర్సులో చేరిన అంగడి గుమాస్తా ఫీజు రసీదు చట్టం దృష్టిలో లెక్కలోకి రాదు.

ఆడపిల్లల పేరిట 2015 జనవరి 22న మొదలైన సుకన్య సమృద్ధి ఖాతాను పదేళ్లలోపు వయసులో తెరవాలి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా 1.5 లక్షలు వేయవచ్చు. 15 ఏళ్లు జమ చేయాలి, 21 ఏళ్లకు గడువు తీరుతుంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాక, లేదా పదో తరగతి పాసయ్యాక, చదువు కోసం నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. 2024 జనవరి నుంచి వడ్డీ రేటు 8.2 శాతంగా ఉంది. పోస్టాఫీసులోనే తెరవగలగడం వల్ల పల్లెలకు ఇది అందుబాటులో ఉంది. పన్ను మాట పక్కన పెట్టినా, వడ్డీ రేటు ఒక్కటే దీన్ని ఆకర్షణీయం చేస్తుంది.

*అప్పు వడ్డీకి.* 80ఈ సెక్షన్ కింద ఉన్నత విద్య కోసం తెచ్చిన అప్పుపై కట్టే వడ్డీ మొత్తాన్ని ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు. ఇందులో పైపరిమితి లేదు. తిరిగి కట్టడం మొదలైన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకు వర్తిస్తుంది. తన చదువుకు, జీవిత భాగస్వామి చదువుకు, పిల్లల చదువుకు కూడా వాడుకోవచ్చు కాబట్టి పెద్దవారి విద్యకు చట్టంలో ఉన్న సూటి సాయం ఇదే. 2009 నుంచి వృత్తి విద్యా కోర్సులు కూడా ఇందులోకి వచ్చాయి. కానీ రెండు షరతులు గట్టివి. కోర్సు పన్నెండో తరగతి, అంటే ఇక్కడి పీయూసీ, పాసయ్యాక చేరినదై ఉండాలి. అప్పు బ్యాంకు నుంచో, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచో, ఆమోదిత ధర్మసంస్థ నుంచో తెచ్చినదై ఉండాలి. ఎస్సెస్సెల్సీ తర్వాత నేరుగా ఐటీఐలో చేరిన కుర్రవాడి అప్పు మొదటి షరతు దగ్గర ఆగిపోతుంది. సంఘం నుంచి తెచ్చిన అప్పు రెండో షరతు దగ్గర ఆగిపోతుంది.

*పెద్దల శిక్షణకు.* జీవితకాల విద్యకు దగ్గరగా వచ్చే భారతీయ ఏర్పాటు జాతీయ పింఛను వ్యవస్థ (ఎన్‌పీఎస్)లో ఉంది. చందాదారు తాను సొంతంగా కట్టినదానిలో 25 శాతం వరకు, చేరిన మూడేళ్ల తర్వాత, నిర్దిష్ట అవసరాలకు మధ్యలోనే తీసుకోవచ్చు. పిల్లల ఉన్నత విద్య ఆ అవసరాల్లో మొదటి నుంచీ ఉంది. 2018లో పింఛను నిధి నియంత్రణ సంస్థ కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి, సొంత ఉపాధి పెట్టుకోవడానికి కూడా అనుమతించింది. ఇలా తీసుకున్న సొమ్ముపై 10(12బి) సెక్షన్ కింద పన్ను లేదు. 2006 ఏప్రిల్ 1 తర్వాత ఉద్యోగంలో చేరిన కర్ణాటక ప్రభుత్వోద్యోగులు ఎన్‌పీఎస్‌లో ఉన్నారు. కాబట్టి పావగడలో ఈ వెసులుబాటు ఎవరికైనా నిజంగా చేతికందుతుందంటే అది ఆ తేదీ తర్వాత చేరిన ఉపాధ్యాయులకు, తాలూకా కార్యాలయ సిబ్బందికి.

పీపీఎఫ్‌లో కారణం చెప్పనవసరం లేదు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత సొమ్ము తీసుకోవచ్చు. ఆ డబ్బు ఇంటి గోడకైనా, డ్రైవింగ్ స్కూలు ఫీజుకైనా ఒకటే. అందువల్ల పేరు లేకపోయినా ఇది శిక్షణ పొదుపుగా పనికొస్తుంది. అయితే అంతకాలం సొమ్మును కదపకుండా ఉంచగలిగినవారికే ఇది కుదురుతుంది.

*సంస్థలకు.* నైపుణ్య శిక్షణ ప్రాజెక్టుపై కంపెనీ పెట్టే ఖర్చుకు 35సీసీడీ సెక్షన్ 2012లో వచ్చింది. మొదట ఖర్చులో 150 శాతాన్ని లాభంలోంచి తీసివేసుకోనిచ్చారు. 2020–21 ఆర్థిక సంవత్సరం నుంచి అది 100 శాతానికి తగ్గింది. ఇది కార్మికుడి చేతిలోని ఖాతా కాదు, కంపెనీ పద్దులోని వరుస.

*కొత్త విధానం.* 2020–21లో తక్కువ రేట్ల కొత్త పన్ను విధానం ఐచ్ఛికంగా వచ్చింది. 2023–24 నుంచి ఏదీ ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది. అందులో 80సీ లేదు, 80ఈ లేదు. 2025–26 నుంచి ఈ విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను సున్నా. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి. జనం నోట మాత్రం ‘ఎయిటీ సీ’ అన్న పాత పేరే నడుస్తోంది, ఈ వ్యాసంలోనూ పాత సంఖ్యలే ఉన్నాయి.

రాయితీ ఎవరికి ఎంత

పదివేల రూపాయలు పొదుపు చేసిన ముగ్గురిని తీసుకుంటే విషయం తేలిపోతుంది. పాత విధానంలో పది లక్షలు దాటిన ఆదాయం ఉన్నవారికి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతుంది. 80సీ కింద పదివేలు చూపిస్తే వారికి 3,120 రూపాయలు మిగులుతాయి. ఐదు నుంచి పది లక్షల మధ్య ఉన్నవారికి 2,080 మిగులుతాయి. ఐదు లక్షల లోపువారికి రిబేటు వల్ల అసలు పన్నే లేదు కాబట్టి మిగిలేది సున్నా. అదే పదివేలు, అదే పోస్టాఫీసు, అదే పాసుపుస్తకం. ప్రభుత్వం పరోక్షంగా ఇచ్చే జత మాత్రం ఆదాయం పెరిగేకొద్దీ పెరుగుతుంది.

పైగా వ్యవసాయ ఆదాయానికి 10(1) సెక్షన్ కింద ఆదాయపు పన్ను లేదు. శెనక్కాయ పండించే రైతుకు, అతని పొలంలో కోతకు వెళ్లే కూలీకి పన్ను మినహాయింపు పొదుపు అన్న మాటకు అర్థమే ఉండదు. వారికి పన్ను ఎదురయ్యేది పరోక్షంగానే. ప్రైవేటు కోచింగ్ ఫీజుపై 18 శాతం జీఎస్టీ ఉంది. గుర్తింపు ఉన్న ఐటీఐ కోర్సులకు మినహాయింపు ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న చిన్న ట్యుటోరియల్ రిజిస్టర్ చేసుకోనవసరం లేదు. అందువల్ల పావగడ వీధిలోని చిన్న టైపింగ్ సెంటరులో కనబడని పన్ను బెంగళూరు పెద్ద కోచింగ్ కేంద్రంలో ఫీజు రసీదు మీద కనిపిస్తుంది.

సౌర పార్కు గుత్త సొమ్ము

ఈ చిత్రాన్ని కొంత మార్చింది సౌర విద్యుత్తు. తిరుమణి, బళసముద్రం, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. కేంద్ర సంస్థ సెకీ, రాష్ట్ర సంస్థ క్రెడల్ కలిసి 2015లో ఏర్పాటు చేసిన కర్ణాటక సౌర విద్యుత్ అభివృద్ధి సంస్థ దీన్ని చేపట్టింది. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి పూర్తి సామర్థ్యానికి చేరింది. దీనికి ‘శక్తి స్థల’ అని పేరు పెట్టారు.

భూమిని కొనకుండా గుత్తకు తీసుకోవడం ఈ పార్కు ప్రత్యేకత. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఐదెకరాలు ఇచ్చిన కుటుంబానికి మొదటి ఏడాది 1,05,000 రూపాయలు వచ్చినట్టు. వాన పడినా పడకపోయినా వచ్చే స్థిరమైన సొమ్ము ఈ సీమకు కొత్త. చదువుకోసం ముందుగా లెక్కవేసి దాచుకోవడం స్థిరమైన రాబడి ఉన్నప్పుడే కుదురుతుంది. ఆ అర్థంలో గుత్త సొమ్ము శిక్షణ పొదుపుకు కావలసిన మొదటి షరతును తీర్చింది.

దీనిలో పన్ను మెలిక కూడా ఉంది. చట్టం ప్రకారం భూమిని వ్యవసాయానికి వాడినప్పుడు వచ్చే అద్దెనే వ్యవసాయ ఆదాయం అంటారు. సౌర పలకలు పరచిన పొలంపై వచ్చే గుత్త ఆ నిర్వచనంలోకి రాదు. అంటే శెనక్కాయ వేసినంత కాలం పన్ను చట్టానికి కనబడని రైతు, అదే పొలాన్ని కంపెనీకి ఇచ్చిన రోజు నుంచి లెక్కలోకి వచ్చాడు. భూమి అద్దెపై మూలంలోనే పది శాతం పన్ను పట్టుకునే నియమానికి 2025 మార్చి దాకా ఏడాదికి 2.4 లక్షల హద్దు ఉండేది. పన్నెండెకరాలు ఇచ్చినవారి గుత్త మొదటి ఏడాదే 2,52,000 అవుతుంది, అంటే ఆ హద్దు దాటిపోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు నెలకు 50,000 రూపాయలు. చివరికి పన్ను ఏమీ పడకపోయినా, పట్టుకున్న సొమ్ము తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. పాన్ కార్డు, ఆడిటరు, రిఫండు వంటి మాటలు రైతు ఇంట్లోకి వచ్చేది ఈ దారినే. రిటర్ను వేసినా 80సీ పొదుపు చూపించి తగ్గించుకునేంత పన్ను చాలామందికి ఉండదు.

ఈ సొమ్ము అందనివారూ ఉన్నారు. భూమి లేని కూలీలకు గుత్త రాదు. పొలం పనులు తగ్గడంతో వారి రోజుకూలీ దినాలు తగ్గాయి. పార్కులో స్థానికులకు దొరికిన పనుల్లో గడ్డి కోయడం, పలకలు కడగడం, కాపలా ఎక్కువ. మరమ్మతు పనులకు కావలసిన విద్య వేరు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణ 600 గంటలది, ఉచితం, వసతి కూడా ఉంటుంది. కానీ దానికి ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటి ఐటీఐ చదువు ముందుగా ఉండాలి. పొలం వదిలిన 45 ఏళ్ల కూలీకి ఆ మొదటి మెట్టే అందదు.

సంఘాలు, చీటీలు, అప్పులు

పల్లెలో చదువు కోసం నిజంగా జరిగే పొదుపు ఎక్కువగా మహిళా సంఘాల్లోనే కనిపిస్తుంది. సరిహద్దు అవతల దీన్ని డ్వాక్రా అంటారు. ఇవతల సంఘం అంటే చాలు. వారానికి ఇంత అని వేసి, పోగైన మూటలోంచి సభ్యులకు అప్పిస్తారు. 1980లలో కర్ణాటకలో మైరాడా సంస్థ ఇలాంటి గుంపులతో పనిచేసింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. 2000–01లో కర్ణాటక ప్రభుత్వం స్త్రీశక్తి పథకం తెచ్చింది. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ ఈ రాష్ట్రంలో ‘సంజీవిని’ పేరుతో నడుస్తోంది.

సంఘం అప్పుకు పన్ను రాయితీ లేదు. 80ఈ కింద అది చెల్లదని ముందే చూశాం. కానీ బ్యాంకు ఇవ్వలేనిది అది ఇస్తుంది. కూతురి నర్సింగ్ ఫీజు కట్టడానికి వారం గడువున్నప్పుడు, ఆ ఇంటి పరిస్థితి తెలిసిన పదిహేనుమంది కూర్చుని నిర్ణయిస్తారు. కుట్టుమిషన్ నేర్చుకోవడానికి, అద్దకం పనికి, వాహన లైసెన్సుకు కావలసిన చిన్న మొత్తాలు ఇలాగే సమకూరుతాయి. చీటీ పాడి ఫీజు కట్టడం, బంగారం కుదువ పెట్టడం కూడా ఇక్కడి చదువుల చరిత్రలో భాగమే.

బ్యాంకులవైపు చూస్తే, నైపుణ్య కోర్సులకు 2015లో వచ్చిన రుణ పథకం 5,000 నుంచి 1.5 లక్షల వరకు ఇచ్చేది. 2024 జూలైలో మార్చిన నమూనాలో గరిష్ఠ మొత్తం 7.5 లక్షలకు పెరిగింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు పూచీకత్తు లేని రుణం ఇస్తుంది. ఇవన్నీ ముందుగా అప్పు, తర్వాత తీర్చడం అన్న దారిలోనివి. ముందుగా దాచుకుని తర్వాత నేర్చుకోవడం అన్న దారికి ఇంత ఊతం లేదు.

ఉచిత శిక్షణ, నగదు జమ

శిక్షణ ఖర్చును తానే భరించడం భారత ప్రభుత్వాలు ఎంచుకున్న ప్రధాన మార్గం. 1982లో దక్షిణ కన్నడ జిల్లా ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెట్ నమూనానే తర్వాత దేశమంతటా జిల్లాకొకటి చొప్పున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలయ్యింది. భోజనం, వసతితో సహా అక్కడ శిక్షణ ఉచితం. 2014 సెప్టెంబరు 25న దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2015 జూలై 15న ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాయి. మొదటిదానికి సాధారణ వయోపరిమితి 35 ఏళ్లు. జీవితకాల విద్య అంటే 35 దాటినవారి విద్య కూడా అన్నది ఇక్కడ ఇంకా కుదురుకోలేదు.

కర్ణాటక 2021లో రైతు విద్యానిధి ప్రకటించింది. పీయూసీ, ఐటీఐ, డిప్లొమా చదివే రైతు కుటుంబాల అబ్బాయిలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయల నుంచి, వృత్తి, స్నాతకోత్తర కోర్సులకు 10,000, 11,000 వరకు ఉపకార వేతనం ఇచ్చే పథకమిది. 2023లో వచ్చిన గృహలక్ష్మి పథకం ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు ఇస్తుంది. ఆమెగానీ భర్తగానీ ఆదాయపు పన్ను కట్టేవారైతే రాదు. దీంతో రెండు తలుపులు ఎదురెదురుగా నిలిచాయి. పన్ను కట్టేవారికి పన్ను మినహాయింపు తలుపు, కట్టనివారికి నగదు తలుపు. రెండో తలుపు గుండా వచ్చిన సొమ్ములో పిల్లల చదువుకు ఎంత పక్కన పెట్టాలన్నది ఇంటి ఇష్టం. అలా పక్కన పెట్టినవారికి అదనంగా జత కలిపే ఏర్పాటు లేదు.

యువనిధి పథకం డిగ్రీ పాసై ఉద్యోగం లేనివారికి నెలకు 3,000, డిప్లొమావారికి 1,500 రూపాయలు రెండేళ్ల వరకు ఇస్తుంది. 2024 జనవరి 12న శివమొగ్గలో చెల్లింపులు మొదలయ్యాయి. పై చదువులో చేరినవారికి ఇది వర్తించదు. ఉద్యోగం దొరకక మరో విద్య నేర్చుకోబోతే, నేర్చుకోవడానికి చేతిలో ఉన్న ఆ కాస్త సొమ్మూ ఆగిపోతుందన్నమాట.

*సరిహద్దు ప్రభావం.* ఆదాయపు పన్ను, ఎన్‌పీఎస్, సుకన్య ఖాతా సరిహద్దుకు రెండు వైపులా ఒకటే. రాష్ట్ర పథకాలు మాత్రం రేషన్ కార్డు ఉన్న రాష్ట్రంతో ఆగిపోతాయి. మడకశిర తల్లికి బడిలో చదివే ప్రతి బిడ్డ పేరిట 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద సొమ్ము వస్తుంది. ఆ పథకంలో 15,000లో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడతాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలో అదే భాష మాట్లాడే పావగడ తల్లికి అది రాదు, గృహలక్ష్మి వస్తుంది. పనికి వెళ్లే దారులు మాత్రం గీతను పట్టించుకోవు. 2019లో కార్ల తయారీ మొదలైన పెనుకొండ కియా కర్మాగారం పావగడ యువకులకు బెంగళూరు కంటే దగ్గర.

ఇతర దేశాల నమూనాలు

పన్ను కట్టనివారికీ శిక్షణ పొదుపు పనికొచ్చేలా చేయడం ఎలా అన్న ప్రశ్నకు వివిధ దేశాలు వేర్వేరు జవాబులు వెతికాయి.

ఇంగ్లండ్‌లో 2000లో మొదలైన వ్యక్తిగత అభ్యాస ఖాతాల్లో ప్రభుత్వం 150 పౌండ్లు వేసేది. 26 లక్షల ఖాతాలు తెరుచుకున్నాయి. శిక్షణ ఇచ్చేవారిపై తగిన తనిఖీ లేక మోసాలు పెరిగి 2001 నవంబరులో మూతపడ్డాయి. డబ్బు కంటే ముందు నమ్మదగిన శిక్షణ సంస్థల జాబితా ఉండాలన్న పాఠం తర్వాతి దేశాలకు ఇక్కడి నుంచే వచ్చింది.

ఫ్రాన్స్ 2015లో వ్యక్తిగత శిక్షణ ఖాతా తెచ్చింది. 2019 నుంచి గంటల బదులు యూరోలలో జమ అవుతోంది: ఏడాదికి 500, గరిష్ఠంగా 5,000. తక్కువ చదువున్నవారికి 800, గరిష్ఠంగా 8,000. అంటే అవసరం ఎక్కువ ఉన్నవారికే ఎక్కువ జమ. 2024 మే నుంచి కోర్సుకు 100 యూరోలు అభ్యాసకుడు తానే పెట్టుకోవాలన్న నియమం వచ్చింది. సింగపూర్‌లో 2016 నుంచి 25 ఏళ్లు నిండిన పౌరులకు 500 డాలర్ల స్కిల్స్‌ఫ్యూచర్ జమ ఉంది. 2024లో 40 ఏళ్లు దాటినవారికి మరో 4,000 డాలర్లు కలిపారు.

కెనడాలో రెండు దారులున్నాయి. పదవీ విరమణ నిధి నుంచి సొంత చదువుకు ఏడాదికి 10,000 డాలర్లు, మొత్తం 20,000 వరకు పన్ను లేకుండా తీసుకుని పదేళ్లలో తిరిగి కట్టవచ్చు. మన ఎన్‌పీఎస్ వెసులుబాటుకు ఇది పెద్దన్న. 2019 బడ్జెట్‌లో ప్రకటించిన శిక్షణ క్రెడిట్ ఏడాదికి 250 డాలర్ల చొప్పున జీవితకాలంలో 5,000 వరకు పోగవుతుంది. కట్టాల్సిన పన్ను లేకపోయినా ఆ మొత్తం చేతికి తిరిగి వస్తుంది. పన్ను చట్టం ద్వారానే నడుస్తూ పన్ను కట్టని మనిషికీ అందే అరుదైన ఏర్పాటు ఇది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు బాగా తెలిసినది 529 ఖాతా. 1996లో వచ్చిన ఈ ఖాతాలో పెరుగుదలకు పన్ను లేదు. 2019లో నమోదైన అప్రెంటిస్ శిక్షణ ఖర్చులకు, 2025 జూలైలో వచ్చిన చట్టంతో వృత్తి లైసెన్సులు, సర్టిఫికెట్ల ఖర్చులకు దీన్ని విస్తరించారు. కాలేజీ పిల్లల కోసం పుట్టిన ఖాతా పెద్దల శిక్షణవైపు మెల్లగా జరిగింది. యూరప్ సమాఖ్య మండలి 2022 జూన్‌లో సభ్య దేశాలు వ్యక్తిగత అభ్యాస ఖాతాలు పెట్టడాన్ని పరిశీలించాలని సిఫారసు చేసింది.

చర్చ

పావగడ అనుభవం మూడు విషయాలు చూపిస్తుంది. మొదటిది, పన్ను మినహాయింపు అనేది పన్ను ఉన్నచోటే పనిచేస్తుంది. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేకుండా పోవడంతో, మినహాయింపు ఆశ చూపి పొదుపు చేయించే పద్ధతి జీతగాళ్ల ఇళ్లలోనూ బలహీనపడుతోంది. రెండోది, చట్టం చదువును పిల్లల వయసుకు, పీయూసీ తర్వాతి మెట్టుకు కట్టివేసింది. ఐటీఐ కుర్రవాడు, పొలం వదిలిన నడివయసు రైతు, పార్కులో గడ్డి కోస్తూ మరమ్మతు పని నేర్చుకోవాలనుకునే మనిషి ఆ గీతకు బయట ఉన్నారు. మూడోది, పొదుపు అలవాటు లేకపోవడం ఇక్కడి సమస్య కాదు. వారం వారం సంఘంలో డబ్బు వేసేవారికి ఆ అలవాటు ఉంది. వారి పొదుపుకు జత కలిపేవారు లేరు.

అందుకే ఇక్కడి పరిస్థితికి ఫ్రాన్స్, కెనడా పద్ధతులు 80సీ కంటే దగ్గరగా కనిపిస్తాయి. గుత్త సొమ్ములోంచి గానీ, గృహలక్ష్మి జమలోంచి గానీ ఒక కుటుంబం శిక్షణ కోసం పక్కన పెట్టిన ప్రతి వందకూ కొంత జత కలిపే ఖాతా ఉంటే, అందులో భూమి లేనివారికి ఎక్కువ జత ఇస్తే, అది పన్ను రాయితీ చేయలేని పని చేయగలదు. ఇంగ్లండ్ అనుభవం చెప్పినట్టు, దానికి ముందు నమ్మదగిన శిక్షణ కేంద్రాలు తాలూకాలోనే ఉండాలి, వాటిలో బోధన తెలుగువారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అలాంటిది వచ్చేదాకా పావగడలో పని నేర్చుకోవడానికయ్యే ఖర్చు పోస్టాఫీసు పాసుపుస్తకం, సంఘం పద్దు, కుదువ పెట్టిన బంగారం మీదే నడుస్తుంది.